నేను కూర్చుంటే ఆగని మిల్లు

ఆ రోజుల్లో ఇంజినీరింగ్ పాసైన ప్రతివాడికీ తలలో చదువూ కడుపులో భయమూ సమానంగా ఉండేవి. నాకైతే భయమే కాస్త ఎక్కువ. సూర్యాపేటలో బస్సెక్కి వెళ్లి మిర్యాలగూడ రైస్ మిల్లులో చేరాను. సేటు షరతు ఒక్కటే: ధాన్యం పైకెత్తే ఎలివేటర్ ఎంత నమ్మకమైనదో, అంటే ఒకసారి ఆగాక మళ్లీ ఆగేదాకా ఎంతసేపు నడుస్తుందో, నెలాఖరుకల్లా కొలిచి చెప్పాలి. చెబితే ఉద్యోగం ఖాయం, లేదంటే మళ్లీ సూర్యాపేట బస్సే. నేను రాకముందు అది రోజూ ఆగేదట.

ఫోన్‌లో స్టాప్‌వాచీ పెట్టుకుని, దాని ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాను. అది ఆగితేనా! లేస్తాను, బెల్టు చూస్తాను, కూర్చుంటాను, మళ్లీ లేస్తాను (ఊక దుమ్ముకు తుమ్ములు అదనం). ఆగకపోతే నేనేం కొలవను? రోజులు గడిచిపోతుంటే ఉండబట్టలేక, మిల్లు నడిపే డ్రైవరన్నను అడిగాను.

"అన్నా, ఇంకా ఆగలేదా?"

ఆయన గయ్యిమన్నాడు. "నడిచేదాన్ని పట్టుకొని ఆగలేదా అంటవేందయ్యా! గా మాట మిల్లుల అనద్దు. నడుస్తుందా అనాలె."

"నడుస్తుందా అన్నా?" అన్నాను ఏడుపు మొహంతో.

"మస్తు నడుస్తుంది!"

నా ప్రాణం ఉసూరుమంది. నెలాఖరున సేటు పిలిచాడు. "అది ఆగితే గానీ కొలవలేను సార్" అని నసిగాను. పోయింది ఉద్యోగం అనుకున్నాను. సేటు పకపకా నవ్వాడు.

"ఇంకేం కొలుస్తవ్? నువ్వొచ్చినకాంచి ఆగనేలేదు. నీ కాలు మంచిది, నౌకరీ పక్కా. జర గా స్టూలు మీదకెల్లి లేవకు!"

అలా ఇంజినీరునైన నేను దిష్టిబొమ్మ హోదాలో పర్మినెంటయ్యాను. తర్వాత కోదాడలో నా పెళ్లి. తలంబ్రాలు ఇంకా దులుపుకోకముందే సేటు ఫోన్. "మిషిన్ బంద్ పడ్డది. పెండ్లి అయింది గద, ఎప్పుడొస్తవ్?" పక్కనున్న పెళ్లికూతురు అంతా విన్నది.

ఆ మిల్లు వదిలి చాలా కాలమైంది. మా ఆవిడ మాత్రం వదల్లేదు. "ఏవండీ, మిక్సీ మూలుగుతోంది, కాస్త వచ్చి ఇక్కడ కూర్చోండి" అంటుంది. వెళ్లి కూర్చుంటాను. అది తిరుగుతూనే ఉంటుంది. నా చెయ్యి మాత్రం జేబులో ఫోన్ కోసం తడుముకుంటుంది. నాలోని స్టూలు మీది ఆ కుర్రాడు, పాపం, ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.