కార్తీక సోమవారం చెరువు నీళ్ళతో భీమవరం

కార్తీక మాసం రెండో సోమవారం, ఉదయం ఆరున్నరకి ఆకివీడులో భీమవరం బస్సెక్కాను. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, బోర్డు నేనే చదువుకుని ఎక్కాను. చేతిలో మా చేపల చెరువు నీళ్ళ సీసా. వేడెక్కకుండా తడిగుడ్డ చుట్టాను.

కొన్నాళ్ళుగా మా శీలావతి చేపలు తెల్లవారుజామున పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. "ఆకలేసి అడుగుతున్నాయే" అని మా ఆయన సూర్యారావు గారు మేత పెంచేశారు. ఇంటికొచ్చినవాళ్ళు చాలన్నా విస్తట్లో ఇంకో గరిటె వేసే మనిషి, చేపల్ని వదులుతారా? అవి చచ్చి తేలడం మొదలెట్టాయి. ఇక వలవాళ్ళని పిలిచి, సగం ఎదిగినవాటినే తెగనమ్మేద్దామన్నారు. "నీళ్ళు పరీక్ష చేయించకుండా వల దించితే ఊరుకోను" అని బయల్దేరాను.

బస్సంతా సోమేశ్వరస్వామి గుడికెళ్ళే ఆడవాళ్ళే. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు రాంబాబు సున్నా టికెట్టు ఇచ్చాడు. సీటు మాత్రం లేదు. నిలబడ్డవాళ్ళ సామాను కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకోవడం మన బస్సుల్లో మామూలే కదా. శివకుమారి అనే ఆవిడ "ఇలా ఇవ్వండి మామ్మగారూ" అని సీసా అందుకుంది. నేను కమ్మీ పట్టుకుని కిటికీలోంచి దారిపొడుగునా చెరువులు చూస్తూ నిలబడ్డాను.

ఉండి దాటాక చూస్తే ఆవిడ ఒళ్ళో సీసా లేదు.

"నా సీసా ఏదమ్మా?"

"వెనక్కెళ్ళిందండి. అభిషేకానికి గోదావరి నీళ్ళు కదా, తలో రెండు చుక్కలు జల్లుకుంటున్నాం. కాస్త నీచు వాసనేస్తున్నాయేంటండీ?"

"చేపల చెరువు నీళ్ళు మల్లెపూల వాసనేస్తాయా?" అన్నాను.

బస్సంతా కొంగులతో నెత్తులు తుడుచుకోవడం మొదలెట్టింది. తరవాత వెనకనుంచి ఎవరో, "శివశివా, ఉపవాసం ఉన్నానండీ!"

"జల్లుకున్నారు గానీ తాగలేదు కదండీ, గుడి దగ్గర కుళాయి ఉంది" అన్నాడు రాంబాబు, నవ్వు ఆపుకుంటూ.

సగం సీసా తిరిగొచ్చింది. అడక్కుండా మూత తీయడమేంటని శివకుమారిని దులిపేశాను.

"సోమవారం పూట తడిగుడ్డ చుట్టి తెస్తే ఏమనుకుంటామండీ?" అంది. అదీ నిజమే.

భీమవరంలో దిగి, తొమ్మిదింటికి ల్యాబ్ తెరిచేదాకా పక్క హోటల్లో పెసరట్టు తిన్నాను. అల్లం చట్నీ బాగుంది, కాఫీ తాగకండి.

ల్యాబ్‌లో లావణ్య అనే అమ్మాయి, "సగమే తెచ్చారేంటమ్మా?" అంది.

"మిగతాది భక్తుల నెత్తిన ఉంది."

నవ్వి పరీక్ష చేసింది. "గాలి చేరింది కాబట్టి ఆక్సిజన్ సంగతి దీంట్లో తేలదు, చెరువు దగ్గరే చూడాలి. రేపు తెల్లారేసరికి మీటరు పట్టుకుని వస్తాను. అమ్మోనియా మాత్రం బాగా ఎక్కువుంది. తినని మేత అడుగున కుళ్ళుతోంది. అవి నోళ్ళు తెరిచేది ఆకలికి కాదమ్మా, ఊపిరాడక. మేత ఆపండి, చెరువుకి కొత్త నీళ్ళు పెట్టండి, రాత్రంతా ఏరేటర్లు తిప్పి నీళ్ళకి గాలి పట్టించండి. ఇప్పుడే పట్టేయక్కర్లేదు."

వెంటనే ఫోన్ చేశాను. "ఏవండీ, మేత ఆపండి. వలవాళ్ళని రావద్దనండి."

"నోరు తెరిచిన ప్రాణిని పస్తుంచమంటావేంటే?"

"పెట్టి చంపుతున్నారు!"

మధ్యాహ్నం తిరుగు బస్సులో శివకుమారి ముందే ఎక్కి నాకు సీటు ఉంచింది. "మీ చేపల పేరున కూడా అర్చన చేయించానండి. గోత్రం తెలీక మాదే చెప్పాను" అంది. ఇలాంటి బస్సులో ఎంత దూరమైనా వెళ్ళొచ్చు, సీసా మాత్రం చేతిలోంచి వదలకండి.

ఆ రోజు ఉన్నవాళ్ళు: నేను, అంటే సత్యవతి, శివకుమారి, కండక్టరు రాంబాబు, ల్యాబ్ లావణ్య, మళ్ళీ మేత వేయకుండా చేయి ఊరుకోదేమోనని సాయంత్రందాకా మేత బస్తా మీదే కూర్చున్న మా ఆయన సూర్యారావు గారు.