మలేసియా గీత, బర్మా తలుపు

నవంబరు నెల, బుధవారం, పగలు పదకొండు గంటలు. ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో. హాజరైనవారు: కళాదర్శకుడు సుధాకర్, వడ్రంగి మేస్త్రి యాదగిరి, నేను, ఒక తలుపు. తలుపును మనుషుల జాబితాలో ఎందుకు రాశానని అడక్కండి. ఆ రోజు మా అందరికంటే తెలివిగా నడుచుకున్నది అదే. ఒక మంచి పనివాడి పొట్ట కొట్టబోయిన నా ఘనకార్యం ఇది.

అప్పటికి కలప దిగుమతి కంపెనీలో నా ఉద్యోగం ముగిసి ఆరు నెలలు. తోచక, బర్మా, మలేసియాలు మన దేశానికి ఏటేటా పంపిన గట్టి కలప విలువలను నా డైరీల్లోంచి తీసి, పొడవాటి గ్రాఫు కాగితం మీద గీశాను. బర్మాది ఎర్ర గీత. కొండ ఎక్కి, చివర్లో కాలు జారినట్టు పడిపోయింది. మలేసియాది పచ్చ గీత. ఊగుతూనైనా నిలబడింది. ఆ కాగితం చంకలో లేకుండా నేను పాలకు కూడా వెళ్ళేవాణ్ణి కాదు.

జూబ్లీహిల్స్‌లో మా పక్కింటి సుధాకర్ ఫోన్ చేశాడు.

"బాబాయ్ గారూ, పాడుబడ్డ బంగళా సెట్ వేశామండీ. మేస్త్రి బర్మా టేకు తలుపని చెప్పి పెట్టాడు. అదేమో ఎవరూ ముట్టకుండానే తెరుచుకుంటోంది. నకిలీ చెక్క కాబట్టే వంకరపోయిందని తేలితే అతన్ని ఇవాళే పంపించేస్తాను. మీరొచ్చి చెప్పండి."

బయట ఎండ వెలిగిపోతోంది. లోపల నల్లగుడ్డల మధ్య అమావాస్య. సాలెగూళ్ళు జిగురుతో చేసినవేనని తెలుసు. అయినా ఒకటి మెడకు చల్లగా తగిలితే రాముణ్ణి తలుచుకున్నాను. గాలి లేదు. తలుపు మూలుగుతూ తెరుచుకుంది. దాని వెనక గది లేదు, వట్టి నల్లగుడ్డ. అది ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు మెల్లగా లోపలికి పోయింది.

"చూశారాండీ," అన్నాడు సుధాకర్, నా వీపు వెనక నుంచి.

"తలుపుది తప్పు లేదు సార్," అన్నాడు యాదగిరి. "పాత బంగళా కూలగొడుతుంటే ద్వారబంధంతోనే తెచ్చిన. పెద్దసారు, మీరు జర చెయ్యి పెట్టి చూడుండ్రి."

చెయ్యి పెడితే సరిపోయేది. వాసన చూసినా సరిపోయేది. నేను మాత్రం నేల మీద గ్రాఫు పరిచి టార్చి వేశాను.

"ఈ ఎర్ర గీత చూడు. ఈ మధ్య బర్మా నుంచి వచ్చిందే దాదాపు లేదు. కాబట్టి ఇది మలేసియా చెక్క. రంగు పూశావు."

"గీతలు నాకు తెల్వయ్ సార్. చెక్క తెలుసు."

"గీత అబద్ధం చెప్పదయ్యా."

తలుపు దానంతటదే వచ్చి నా మొహం మీద మూసుకుంది.

"అలిగింది," అన్నాడు యాదగిరి మెల్లగా.

"నువ్వు సామాను సర్దుకో," అన్నాడు సుధాకర్.

యాదగిరి ఉలి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. "బోరబండల ఎవర్నడిగినా నా పని చెప్తరు సార్. రేపు పొద్దుగాల దీన్ని ఊడవీకి అప్పజెప్పి పోత."

మరునాడు ఉదయం తలుపుతో పాటు ద్వారబంధం కూడా ఊడింది. దాని వెనక, గోడకు ఆనే వైపు, చిత్రిక తగలని చోట నల్ల సిరా రాత: 'బర్మా టేకు. పరీక్షించడమైనది.' కింద తేలు తోకలాంటి సంతకం.

"ఈ గుమస్తా ఎవరోనండీ," అన్నాడు సుధాకర్.

యాదగిరి నా గ్రాఫు అడుగున ఉన్న సంతకం మీద టార్చి వేశాడు. తర్వాత ద్వారబంధం మీద వేశాడు. "ఇద్దరు ఒక్కరే సార్."

కుర్రతనంలో కంపెనీ తరఫున నేనే పరీక్షించి పాసు చేసిన చెక్క. సుధాకర్ మేస్త్రి సంచిని తనే మోసి లోపల పెట్టాడు. తలుపు ఎందుకు తెరుచుకునేదో యాదగిరి రసమట్టం పెట్టి చూపించాడు: నేల వాలు. నా మొహం మీద ఎందుకు మూసుకుందో మాత్రం అతనూ చెప్పలేకపోయాడు.

ఆనాటి డైరీ పేజీలో ప్రతిజ్ఞ రాసుకున్నాను: ఇకమీదట ఏ రెండు దేశాల కలపను పోల్చాలన్నా, ఎదురుగా ఉన్న చెక్కకు ముందు నమస్కారం పెట్టి, ఊరు పేరు అడిగి, అది సరేనంటేనే కాగితం విప్పుతాను.