వేపరెమ్మ తోడు

మా చెల్లెలి కూతురికి అయిదో నెల. పోయినసారి కడుపు అయిదో నెలలోనే పోయింది. అందుకే ఈసారి పిల్లకు నిద్ర లేదు. మాటిమాటికీ కడుపు మీద చెయ్యేసి చూసుకోవడం, దిండులో మొహం పెట్టి ఏడవడం. ఆళ్లగడ్డలో దాని అత్తగారింట్లో ఇందుకు ఒకటే మందు: "ఏమీ ఆలోచన చేయాకు." ఆలోచనకేదో స్విచ్చు ఉన్నట్టు! ఆ ఇంట్లో వాళ్లు తమది ఎప్పుడో ఆపేసుకున్నారు కాబోలు.

నంద్యాల డాక్టరమ్మ కౌన్సెలింగ్‌కు పొమ్మంది. "మా కోడలికేం పిచ్చి లేదు" అని లేచింది అత్త.

"పిచ్చికైతే నిన్నే తోలుకపోయేదాన్ని గదా వదినా" అన్నాను.

చివరికి పిల్ల, అత్త, మొగుడు, నేను, అందరం కౌన్సెలింగ్ గదిలోకి దూరాం.

"నిద్ర పడుతోందా అమ్మా?" కౌన్సెలర్ పిల్లనడిగింది.

"బాగా పడ్తాది" అంది అత్త.

"తింటున్నావా?"

"తింటాండాది" అన్నాడు మొగుడు.

"భయమేస్తోందా?"

"వేస్తాంది. ఎందుకో నేను చెప్తా" అన్నాను నేను.

పిల్ల గాజులు తిప్పుకుంటూ కూర్చుంది.

"మీరంతా కాసేపు బయట కూర్చోండి."

అత్త కుర్చీ పట్టుకుంది. "కడుపుతో ఉండేదాన్ని ఒంటిగా ఇడ్సిపెట్టేదా? గాలీ ధూళీ సోకితే?"

"ఇంట్లో ఒంటిగా పెరట్లోకి పోయేటప్పుడు ఏం చేస్తావ్?" అన్నాను నేను.

"వేపరెమ్మ చేతికిస్తా."

"ఇప్పుడూ ఇయ్యి. దెయ్యాలనే ఆపేది కౌన్సెలర్‌ను ఆపదా?"

అత్త సంచిలోంచి రెమ్మ తీసిచ్చి, గొణుక్కుంటూ లేచింది. కొడుకూ లేచాడు. గెలిచానని నేను కాళ్లు చాపుకున్నాను.

"మీరు కూడా, అమ్మా" అంది కౌన్సెలర్.

నేను డిగ్రీ చదివినదాన్నని చెప్పేలోపే తలుపు పడింది.

కాసేపటికి లోపల్నుంచి ఏడుపు, గొంతెత్తి. అత్త లేవబోతే చెయ్యి పట్టి కూచోబెట్టాను. "ఏడ్వనీ. ఈడ దిండు అడ్డం లేదు." మొగుడు ఫోన్ చూస్తున్నట్టే ఉన్నాడు గానీ, దాని లైటు ఎప్పుడో ఆరిపోయింది.

తిరుగు బస్సులో అత్త ఆగలేకపోయింది. "ఏం చెప్పినావే ఆ యమ్మకు?"

"చెప్పాల్సింది చెప్పినా." పిల్ల వాడిన రెమ్మను ఆమె ఒడిలో పెట్టింది. "వచ్చే వారం పచ్చిది ఇయ్యత్తా. లోపలికి అదొక్కటొస్తే సాలు."

శిరివెళ్ల రాకముందే నా భుజమ్మీద తల వాల్చి నిద్రపోయింది. చెయ్యి కడుపు మీద కాదు, పక్కన పడి ఉంది.

"మన మీద ఏమేం చెప్పిందో..." అత్త మళ్లీ మొదలుపెట్టింది.

"ఏమీ ఆలోచన చేయాకు వదినా" అన్నాను.