దిష్టిబొమ్మకు పెట్టిన టోపీ

నిన్న టేకులపల్లి సంతలో చేత్తో అల్లిన తాటాకు టోపీ కొన్నాను. తలకు పెట్టుకోగానే ఆ ఎండుటాకు వాసనకు మా మొక్కజొన్న చేను కళ్ల ముందుకొచ్చింది. మన ఈడు వాళ్లందరం వడిసెలతో పిట్టలను కొట్టినవాళ్లమే కదా, గుర్తుందా?

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా చిన్నాయన జ్వరంతో చనిపోయాడు. చేలో దిష్టిబొమ్మకు నాన్న ఆయన చొక్కా తొడిగి, ఆయన తాటాకు టోపీ పెట్టాడు. నాయనమ్మ మాత్రం కొడుకు పోయిన రోజు కూడా ఏడవలేదు. ఆ తర్వాత ఆయన పేరే ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం చేను కాపలాకు ఒక్కదాన్నే ఉన్నాను. గాలికి ఆ టోపీ మెల్లగా నా వైపు తిరిగింది. పిలిస్తే చిన్నాయన అచ్చం అలాగే తిరిగి చూసేవాడు. "చిన్నాయనా" అని పిలిచాను.

నా వెనక సద్దిగిన్నెతో నాయనమ్మ నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను.

"నీగ్గూడ గట్లనే కనవడ్తుండా బిడ్డా?" అంది.

"అవ్" అన్నాను.

"నాకే పిచ్చి లేసిందనుకున్న" అంటూ గట్టు మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది.

చాలాసేపటికి లేచి బొమ్మ దగ్గరికి వెళ్లింది. టోపీ మీది దుమ్మును కొంగుతో తుడిచి, నుదుటి మీదికి కొంచెం దించింది.

"ఎండ బాగ గొడ్తున్నది కొడుకా" అంది.