నాన్నగారి కారు, అమ్మ పీట

నిన్న ఉదయం తొమ్మిదింబావుకి మనవరాలి కారు రావులపాలెం వంతెన ఎక్కింది. నేను కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేలోగా జొన్నాడ వచ్చేసింది. గోదావరి ఏదమ్మా అని అడిగితే, దాటేశాం కదా అమ్మమ్మా అని నవ్వింది. ఈ నది దాటడానికి ఒకప్పుడు మా వంటింటి పీట కావలసి వచ్చేదంటే ఆ పిల్లకి నమ్మకం కుదరదు. నా ఈడువాళ్లు నమ్ముతారు, వాళ్ల కోసమే ఇది.

మా నాన్నగారు కొత్తపేటలో డాక్టరు. ఆయన కారు నలభైల్లోనే పాతది, ఎవరో దొర ఊరు విడిచి వెళ్తూ అమ్మేసినది. వానొస్తే లోపల కూర్చుని గొడుగు వేసుకునేవాళ్లం. పలివెల వెళ్లి రావాలన్నా దారిలో ప్రతి కాలువ దగ్గరా దానికి నీళ్లు తాగించాలి. హారను మాత్రం ఎవరూ నొక్కకపోయినా మోగేది. అయినా ఆయన దానిమీద ఈగ వాలనిచ్చేవారు కారు. అసలు చిక్కు పెట్రోలుతో వచ్చేది. టాంకు సీటు కింద ఉండేది, పెట్రోలు తనంతట తాను జారి ఇంజనుకి చేరాలి. గట్టు ఎక్కేటప్పుడు ముందుభాగం పైకి లేస్తే పెట్రోలు అందక ఇంజను ఆగిపోయేది. అందుచేత, వంతెన లేని ఆ రోజుల్లో బళ్లనీ కార్లనీ నది దాటించే పంటు దిగాక, మా కారుని వెనక్కి తిప్పి, రివర్సులో గట్టు ఎక్కించేవారు. మధ్యలో ఆగితే గోదావరిలోకి జారకుండా చక్రానికి అడ్డు పెట్టాలి. రాయి పెడితే టైరు కోసుకుపోతుందని నాన్నగారి భయం. ఏవేవో చెక్కలు చూసి, చివరికి అమ్మ కూర్చుని వంట చేసుకునే పనసచెక్క పీటే సరిగ్గా ఉందన్నారు. అది పెట్టే పని కూడా ఆవిడదే, ఇంకెవరిమీదా ఆయనకి నమ్మకం లేదు.

పెళ్లికని పట్టుచీర కట్టుకుని బయలుదేరిన డాక్టరుగారి భార్య, రేవులో జనమంతా చూస్తుండగా, పీట చంకన పెట్టుకుని కారు పక్కన నడిచేది. ఇంటికొచ్చాక పీటమీద టైరు మచ్చలు కడుక్కుంటూ ఈ శని ఎప్పుడు వదులుతుందో అనేది. నాన్నగారు వినిపించుకునేవారు కారు.

నాన్నగారు పోయిన మరుసటి ఏడు, యాభైల మధ్యలో, నేను బడిలో టీచరుగా చేరిన కొత్తలో, రాయవరం మిల్లు ఆసామి ఒకాయన కారు అడిగారు. జొన్నాడ గట్టు సొంతంగా ఎక్కితే వాడుకుంటారట, ఎక్కకపోతే అక్కడే విడగొట్టించి ఇనుము కింద ఇచ్చేస్తారట. ఆ మాట నాకు మింగుడుపడలేదు. అమ్మ మాత్రం ఎలా పోతేనేం, పోతే చాలంది. అది మళ్లీ ఇంటికి రాకుండా దగ్గరుండి చూసుకుంటానని నన్ను వెంటబెట్టుకుని పంటు కూడా ఎక్కింది. చేతిలో పీట ఉంది.

ఆసామి పంపిన డ్రైవరు లారీలు నడిపినవాడు. పంటుమీద ఉన్నంతసేపూ అమ్మ అతనికి వెనక్కి తిప్పి ఎక్కించమనే చెప్పింది. అతను మర్యాదగానే కొట్టిపారేశాడు.

“ఆయ్, లారీలు తోలినోణ్ణండి. దీనికి వెనక్కెందుకండీ, తిన్నగానే ఎక్కేత్తాదండి.”

అమ్మ నావైపు తిరిగి, మొదట్లో మీ నాన్నగారూ ఇలాగే అన్నారంది.

సగం గట్టులో ఇంజను ఆగింది. కారు కిందికి జారడం మొదలెట్టింది, రేవులో వాళ్లు నవ్వారు, డ్రైవరు బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ఇక ఇనుమే అనుకుని నేను నిలబడిపోయాను. అమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని వెళ్లి వెనక చక్రం కింద పీట పెట్టింది. కారు నిలిచింది.

“చెబితే వినరు. దీని స్టీరింగు పట్టుకున్న వాళ్లందరిదీ ఒకటే తలకాయ. దింపి, తిప్పు.”

పంటువాళ్లు పట్టుకుని మెల్లగా దింపి, తిప్పారు. ఈసారి అమ్మ పీట పట్టుకుని పక్కనే నడుస్తూ గట్టు పొడుగునా తిట్టింది. డ్రైవరునో, కారునో, నాన్నగారినో నాకు తెలియలేదు. మూలుగుతూ, దగ్గుతూ అది పైకి చేరింది. అప్పుడు అమ్మ పీటని కిటికీలోంచి అతనికి అందించింది.

“ఇది దీంతోనే ఉంచు బాబూ. రాయి మాత్రం పెట్టకు, టైరు కోసుకుపోతుంది.”

అతను ఆయ్ అన్నాడు. మేం కిందికి దిగి పంటు ఎక్కి చూస్తే, కారు ఇంకా మాకేసే చూస్తోంది. పైన కాస్త చదును దొరికాక గాని అతను దాన్ని తిప్పలేదు. తిరుగు ప్రయాణంలో అమ్మ ఒక్కమాటే అంది, ఇప్పుడు నేను దేనిమీద కూర్చుని వండాలని. ఆ విసుగులో మాత్రం తేడా లేదు. వినిపించుకోకుండా కూర్చునే నాన్నగారే లేరు.

మనవరాలి కారు మంచిది. దాన్ని తిట్టవలసిన పని ఎవరికీ పడదు. కొన్నాళ్లకి మార్చేస్తుంది, ముందుది ఏ రంగుదో నాకు గుర్తుండదు. వంతెన మీద ఎవరూ దిగి నడవరు. గట్టు ఎక్కడానికి ఇప్పుడు ఎవరూ కారుని వెనక్కి తిప్పరు.