గుడ్డ తీసింది ఎవరు?

మా ఆయన ఫ్యాక్టరీలో ఏం చేస్తాడో పెళ్లైన ఇన్నేళ్లలో నాకు తెలియదు. అడిగితే "ఇనుము పని" అంటాడు. మా మామగారు కోస్తా నుంచి అదే ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డారు; మా ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే, మాటా ఇక్కడిదే. మామగారు కూడా చనిపోయేదాకా ఇంట్లో ఆ ఊసెత్తలేదట. దేశ రక్షణకు కావలసినవేవో తయారుచేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ అని ఊరందరికీ తెలుసు, అంతే. పొద్దున గేటు దగ్గర ఫోను ఇచ్చి బిళ్ల తీసుకోవాలి, డ్యూటీ దిగేటప్పుడు బిళ్ల ఇచ్చి ఫోను తెచ్చుకోవాలి. ఈ మధ్యలో ఇల్లు తగలబడినా మనిషి దొరకడు. "మీరేదో రాజుగారి ఖజానా కాస్తున్నట్టు!" అని కొత్తలో విసుక్కునేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

మొన్న దసరాకు ఆయుధ పూజ నాడు ఒక పెద్ద నాయకుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచారు. ఏ పదవో, ఏ పార్టీయో రాయను. ఉన్న కేసు చాలు మాకు. జరిగిందంతా తర్వాత విచారణలో తెలిసింది. ముందు ఆ నాయకుణ్ణి ఒక గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, అక్కడ తయారయ్యేదేమిటో, ఎక్కడికి పోతుందో అధికారులు చెప్పారు. ఇది రహస్యం, బయట అనకూడదని కూడా చెప్పారు. ఆయన తల ఊపాడు. ఆ తర్వాత పూజ జరిగే షెడ్డుకి తీసుకొచ్చారు. ఆయన ఫోను అడగడానికి గేటు దగ్గర ఎవరికీ నోరు రాలేదు.

షెడ్డులో తయారవుతున్న పెద్ద భాగం ఒకటుంది. బయటివాళ్లు వచ్చినప్పుడు దాని మీద మందపాటి గుడ్డ కప్పి ఉంచాలని నియమం. కానీ గుడ్డ మీద బొట్టు ఎవరు పెడతారు? పసుపూ కుంకుమా ఇనుముకి అంటాలి, అప్పుడే అది పూజ. అందుకే ఏటా పంతులుగారు కుంకుమ భరిణె తెరవగానే మా ఆయన గుడ్డ తీసేవాడు, హారతి అవగానే మళ్లీ కప్పేవాడు. చూసేది షెడ్డువాళ్లే కాబట్టి ఎవరూ తప్పనలేదు. ఈసారి కూడా అలవాటు కొద్దీ తీశాడు. నాయకుడు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, జేబులోంచి ఫోను తీశాడు. ఆ భాగం పక్కన నిలబడి లైవ్ పెట్టి, గదిలో విన్నదంతా అభిమానులకు చెప్పేశాడు.

నేను వంటింట్లో పులిహోర కలుపుతూ ఆ వీడియో చూశాను. నాయకుడి వెనకాల మా ఆయన, భుజం మీద మడతపెట్టిన గుడ్డతో. ఎంత సంబరపడ్డానో! ఇన్నేళ్లకు ఆయన చేసే పని కంటితో చూశాను. నాతోపాటు లోకమంతా చూసిందని అప్పుడు తోచలేదు.

సాయంత్రం ఆయన వచ్చి అన్నం ముట్టలేదు.

"సూసినవా?" అన్నాడు.

"చూశాను. భలే ఉన్నారు."

"అది నువ్వు సూడొద్దుండె."

మర్నాటికి వీడియో మాయమైంది. ఆ వారంలోనే ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చారు. గట్టిగా మాట్లాడలేదు, మంచినీళ్లిస్తే తాగారు, పోతూ పోతూ మా ఆయన ఫోను పట్టుకుపోయారు. తర్వాత సస్పెన్షన్. సందు చివర ఒక తెల్ల బండి నిలబడటం మొదలైంది. అందులోవాళ్లు దిగరు, టీ కూడా తాగరు. పక్కింటావిడ గోడ మీంచి మాట్లాడటం మానేసింది. ఆయన విచారణకు వెళ్లిన ప్రతిసారీ, తిరిగొస్తాడా, అటు నుంచి అటే జైలుకు తీసుకుపోతారా అని గుమ్మంలోనే కూర్చునేదాన్ని. అధికార రహస్యాల చట్టం కింద కేసు పెడితే ఏళ్ల తరబడి లోపలే ఉండాలని వకీలు చెప్పాడు. విచారణలో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: గుడ్డ తీసింది ఎవరు? ఫోను తీసింది ఎవరని, నోరు తెరిచింది ఎవరని ఒక్కరూ అడగలేదు.

టీవీలో మాత్రం పెద్ద చర్చ. ఇలాంటి వాటికి నాయకుల మీద కేసులు పెట్టొచ్చా, పెడితే పాలన సాగుతుందా అని. పొరపాటుకీ నేరానికీ తేడా ఉండాలని ఒకాయన ఎంతో శాంతంగా చెబుతున్నాడు. ఒళ్లు మండిపోయి టీవీ కట్టేశాను. పొరపాటు చేసే హక్కు ఆ నాయకుడికేనా? గుడ్డ తీసినవాడికి శిక్ష వేస్తే వేయండి. రహస్యమని చెప్పించుకుని మరీ బయటపెట్టినవాణ్ణి కూడా అదే బోనులో నిలబెట్టండి. నా మాట ఇప్పటికీ ఇదే.

మా ఆయన వద్దంటున్నా వినకుండా, తెల్లాపూర్‌లో ఆ నాయకుడి ఇంటికి బయల్దేరదీశాను. గుమ్మం దగ్గర పళ్లెం పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"ఫోన్లు ఈడ పెట్టుండ్రి. లోపల మాట్లాడింది బయటికి పోవద్దు. సార్ ఆర్డర్."

నా ఫోను తీసుకుని బిళ్ల ఇచ్చాడు. మా ఆయన ఆ బిళ్లను అటూ ఇటూ తిప్పి చూసి నాకిచ్చేశాడు.

నాయకుడు ఎదురొచ్చి మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పరేషాన్ గాకు తమ్మీ. కూసో," అని తనూ కూర్చున్నాడు.

నేను కూర్చోలేదు. "ఫోను మీది, మాట్లాడింది మీరు. ఆ ఒక్క మాట వాళ్లతో చెప్పండి సార్. మా ఆయన జైలుకు పోతాడు."

"చెల్లె, నాకేమెరుక? గుడ్డ కప్పి ఉంటే నేను తీద్దునా?"

"అది రహస్యమని మీకు చెప్పారు కదా సార్."

ఆయన ముఖంలో నవ్వు చెదరలేదు. "శానా చెప్తరు చెల్లె మాకు. అన్ని యాదుంటయా?" అని లేచి నిలబడ్డాడు. మాకు చాయ్ ఇవ్వమని చెప్పి లోపలికి పోయాడు.

చాయ్ తాగకుండానే బయటికొచ్చాం. బిళ్ల ఇచ్చి ఫోను తీసుకున్నాను. ఇంకా గేటు దాటలేదు, ఫోను మోగింది. విచారణాధికారి గొంతు. ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"అమ్మా, ఆ సార్ ఇంటికి ఎందుకు వెళ్లారు?"

"సాయం అడుగుదామని."

"మీవారు గుడ్డ తీయగా కళ్లారా చూశానని రాసిచ్చింది ఆయనేనమ్మా. కేసులో ఆయన మా సాక్షి. సాక్షిని బెదిరించడానికి వెళ్లారని ఇప్పుడే ఫిర్యాదు వచ్చింది. రేపు మీరు కూడా రండి."