అండమాన్ టికెట్లో మొదటి పేరు

మా ఇంట్లో ఏది వచ్చినా మొదటి చెయ్యి నాది. పెద్దకోడలిని మరి. దీపావళికి రెండు చీరలు తెస్తే ముందు నేను ఒకటి తీసుకోవాలి, మిగిలింది నా తోడికోడలికి. కాఫీ పెట్టినా మొదటి లోటా నాకే. మా అత్త పెట్టిన పద్ధతి అది. ఆవిడ పోయి ఏళ్ళు గడిచినా మేమిద్దరం తప్పలేదు. నిజం చెప్పొద్దూ, నాకున్న గొప్ప అదొక్కటే. తోడికోడలిది విరుదునగర్, మరిదికి పప్పుల మండీ. మేముండేది కోవిల్‌పట్టిలో. మా ఆయనకు ఎట్టయాపురం పక్కన నల్లరేగడిలో వానను నమ్ముకున్న మినుము, పత్తి. వాళ్ళింట్లో రెండు తలుపుల ఫ్రిజ్జు ఉంది. దాన్ని చూసిన ప్రతిసారీ కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. దాచడమెందుకు?

అండమాన్ మాట ఎత్తింది తనే.

"అక్కా, ఏరోప్లేన్ ఎక్కి పోతాము రా. నలుగురమూ. అయిదు దినాలు దీవిలో ఉండేసి వస్తాము."

అప్పటికి నేను చూసిన పెద్ద టూరంటే బడిలో ఉన్నప్పుడు పాంచాలంకురిచ్చి కోట, పెళ్ళయ్యాక తిరుచెందూరు సముద్రం. విమానాన్ని మిద్దె మీద నిలబడి చూడటమే. మా ఆయన మాత్రం, "ఈ ఏడు మినుము చేతికి రాలేదు. మనం వద్దు, వాళ్ళను పొయ్యేసి రానీ" అన్నాడు. వాళ్ళను పోనివ్వాలా! వాళ్ళిద్దరే పోయి ఆ నీలం నీళ్ళ ముందు నిలబడి ఫోటో దిగితే నేను ఇంట్లో కూర్చుని చూడాలా! రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు బంగారు గాజులు తీసి మా ఆయన చేతిలో పెట్టి, కుదువ పెట్టి రమ్మన్నాను. అచ్చం అలాంటివే రోల్డ్‌గోల్డ్‌వి బజారులో కొని వేసుకున్నాను. మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదనుకున్నాను.

టికెట్లకు విరుదునగర్ బస్టాండు దగ్గరున్న ట్రావెల్స్‌కు నలుగురం కలిసే వెళ్ళాం. నలుగురికీ ఒకటే బుకింగ్, మొదట ఎవరి పేరు వేయమంటారని ట్రావెల్స్ ఆయన తమిళంలో అడిగాడు. మా ఆయన, మరిది నోరు తెరిచేలోపే తోడికోడలు, "మా అక్క పేరు వెయ్యండి, ఆమెదే ముందు" అంది. మగవాళ్ళ పేర్లు కూడా నా కిందికే వచ్చాయి. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. అన్నిటికంటే అడుగున తన పేరు.

మురుకులు కాల్చి డబ్బాల్లో పోశాను. ఇక వారం రోజుల్లో ప్రయాణమనగా కరోనా అని దేశమంతా మూసేశారు.

మొదట్లో నెలలో తెరుస్తారనుకున్నాం. మురుకులు మేమే తినేశాం. ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేస్తే, డబ్బు తిరిగి రాదు, కూపన్ ఇస్తాం, ఏడాదిలోపల ఎప్పుడైనా పోవచ్చు, కానీ పేర్లు మారకూడదు, నలుగురూ కలిసే పోవాలి అన్నాడు. ఏం నిబంధనలో ఏమో! మా డబ్బు పెట్టుకుని మాకే షరతులు చెప్పడం విని ఒళ్ళు మండింది. కానీ నలుగురూ కలిసే పోవాలన్న ముక్క మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు తెగ నచ్చింది. నేను లేకుండా తను కదలలేదు కదా!

కొన్నాళ్ళకు తోడికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, కూపన్ వద్దని రాసిస్తే సగం దుడ్డు ఇస్తానంటా ఉండాడు. మొదటి పేరు నీది కదా, నువ్వు వచ్చి చేవ్రాలు పెడితేనే అవుతుందంట. మంగళవారం రా."

"ఇప్పుడు నీకు దుడ్డుకు ఏమి అంత అవసరం?"

"ఫోన్లో వద్దక్కా. రా, చెప్తాను."

ఫోన్లో చెప్పలేనిదేముంటుంది? నా బుర్ర గిర్రున తిరిగింది. నలుగురి డబ్బులో సగమంటే ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. నా చేత సంతకం పెట్టించుకుని, నన్ను వదిలించుకుని, మొగుడూ పెళ్ళాలిద్దరే పోవాలని ఎత్తు. అమ్మ దొంగా అనుకున్నాను. జిల్లా దాటాలంటే ఈ-పాస్ కావాలి, నాకు దొరకలేదని చెప్పాను. నేను అసలు అడగనేలేదు. మళ్ళీ మంగళవారం చేసింది, తలనొప్పి అన్నాను. ఆ పై మంగళవారం చేసినప్పుడు తెగేసి చెప్పాను. "పోతే నలుగురమూ పోవాల, లేకుంటే ఎవురూ వద్దు. నేను చేవ్రాలు పెట్టను."

"సరిక్కా, నీ ఇష్టం" అంది. గెలిచానని ఆ పూట రెండు దోసెలు ఎక్కువే తిన్నాను.

తర్వాత దీవులు తెరిచారు. ముక్కులో పుల్ల పెట్టించుకుని పరీక్ష కాగితం తేవాలన్నారు, పక్క దీవికి ఓడ లేదన్నారు. మా ఆయన భయపడ్డాడు, వాయిదా వేశాం. అంతలో రోగం రెండోసారి విరుచుకుపడి మళ్ళీ అన్నీ మూతపడ్డాయి. ఆ గడబిడలోనే కూపన్ గడువు దాటిపోయింది. బస్సులు తిరగగానే విరుదునగర్ పరుగెత్తాను. ట్రావెల్స్ ఉన్న చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన ఎక్కడికి పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. అటు వడ్డీ కట్టలేక నా గాజులు వేలంలో పోయాయి. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పోయిన ఏడాది వాళ్ళిద్దరూ అండమాన్ పోయారు. పోయేముందు, "మీరూ రాండి అక్కా" అని పిలిచింది. మా ఆయనకు నడుము నొప్పి అన్నాను. దీవి నుంచి ఫోటోలు పంపింది. వద్దు వద్దనుకుంటూనే ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. విమానం కిటికీ పక్కన తను. మోకాళ్ళ దాకా నీలం నీళ్ళలో తను, చుడీదార్ పైకి పట్టుకుని పదేళ్ళ పిల్లలా నవ్వుతోంది. అది నేను నిలబడాల్సిన చోటు. ఫోన్ బోర్లించి పెట్టి ఏడ్చాను.

తిరిగొచ్చాక చూడటానికి పోకపోతే బాగుండదని వేరుశనగ, బెల్లం కలిపి చేసే మా ఊరి కడలమిట్టాయి పొట్లం పట్టుకుని విరుదునగర్ పోయాను. నాకోసం గవ్వల దండ తెచ్చింది. అది చేతిలో పెడుతుంటే లోపల ఉన్నదంతా నోటికి వచ్చేసింది.

"అప్పుడే సగం దుడ్డు తీసుకుని ఇద్దరే పొయ్యేదానికి చూస్తివి కదా. నేను అడ్డం పడితిని. ఇప్పుడు తృప్తిగా పొయ్యేసి వస్తివి."

తను నా ముఖంలోకి చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"ఆ దుడ్డు మాకని ఎవురు చెప్పినారక్కా? నీ గాజులు విడిపించేదానికి. మా భాగమూ కలిపి నీకే ఇస్తామని మీ మరిది చెప్పినాడు. టికెట్టు వేసేదానికి పోతిమే, ఆ దినమే చూస్తిని. నీ చేతిలో ఉండేది మీ అమ్మ పెట్టింది కాదని. బావ పక్కన ఉంటే నీకు తల కొట్టేసినట్లు ఉంటుందని ఫోన్లో చెప్పలేదు. ఇంటికి రా, రా అని మూడు తూర్లు పిలిస్తిని."

చీర కొంగు మణికట్ల మీదికి లాక్కున్నాను, ఇన్నేళ్ళ తర్వాత, అదీ తన ముందు. ఏడుపు వచ్చిందంటే అది పశ్చాత్తాపమని చెప్పుకోవచ్చు. కానీ లోపల మళ్ళీ అదే మంట. ఫ్రిజ్జు తనది, సముద్రం తనది, చివరికి ఈ మంచితనం కూడా తనదేనా!

తను వంటింట్లోకి పోయి రెండు లోటాల కాఫీ తెచ్చింది. ఎప్పటిలాగే మొదటిది నా ముందుకు చాచింది.

"నువ్వు తీసుకో ముందు" అన్నాను. పెళ్ళయి వచ్చాక ఆ మాట అనడం అదే మొదటిసారి.

తను అలాగే చెయ్యి చాపి నిలబడింది.

"పట్టుకో అక్కా, చెయ్యి కాలతా ఉండాది."